ర్యామ్ పలకల జోడు

రెండెడ్ల బండి తోలినవారికి ఒక సంగతి తెలియును. కాడికి ఒక ప్రక్క వడిగల కోడెను, మరియొక ప్రక్క వయసు మళ్లిన ఎద్దును కట్టినచో, బండి ముసలి ఎద్దు నడకనే నడచును. అందువలన ప్రయాణము కొంత ఆలస్యమగును గాని ప్రమాదము లేదు. ముసలి ఎద్దును కోడెతో సమముగా పరుగెత్తించవలెనని చెర్నాకోల ఎత్తినప్పుడే ప్రమాదము. కంప్యూటరులో వేరువేరు రకముల ర్యామ్ పలకలను కలిపి వాడుటయందును ఇట్లే జరుగును. ఒక్క భేదము మాత్రము కలదు. ఎద్దు అలసినచో రొప్పును, నురుగు క్రక్కును, మనకు తెలియును. ర్యామ్ పలక అలసినచో పైకి ఏమియు తెలియదు.

2021వ సంవత్సరమున కళాశాలలు మూతపడి, బోధన అంతయు ఇండ్లలోని తెరలపై జరుగుచుండెను. కాకినాడలో మా తమ్ముని ఇంట ఒక డెస్క్‌టాప్ కంప్యూటరు కలదు. దానిలో అప్పుడు 4 గిగాబైట్ల ర్యామ్ మాత్రమే ఉండెను. తమ్ముని కుమార్తె డిగ్రీ చదువుచుండెను. ఒకనాడు నాకు ఫోను చేసి, “పెదనాన్నగారూ, కెమెరా పెడితే పాఠం ఆగిపోతోంది, పాఠం వింటే కెమెరా ఆగిపోతోంది. కొత్త కంప్యూటరు కొనమంటే నాన్నగారు వినటం లేదు” అని మొరపెట్టుకొనెను. కొత్తది అక్కరలేదు, ఖాళీగా నున్న రెండవ స్లాటులో 8 గిగాబైట్ల పలక నొకదానిని చేర్చిన చాలునని చెప్పినవాడను నేనే. సలహా మంచిదే. కాని పలకను చేర్చుమని చెప్పితినే గాని, చేర్చిన పిదప ఏమి పరీక్షించవలెనో చెప్పలేదు. తరువాత జరిగిన దానిలో ఆ మేరకు నా తప్పును కలదు.

కంప్యూటరులో సామగ్రి నిలువయుండు చోటు వేరు, పని జరుగు చోటు వేరు. నిలువ చోటు బీరువా వంటిది. దానిని హార్డ్ డిస్క్ అనియు, కొత్త యంత్రములలో ఎస్‌ఎస్‌డీ అనియు అందురు. పని జరుగు చోటు వ్రాతబల్ల వంటిది, అదియే ర్యామ్. విద్యుత్తు ఆగిన వెంటనే బల్లపై నున్నదంతయు చెరిగిపోవును, బీరువాలోనిది మిగులును. బల్ల చిన్నదైనచో పనివాడు మాటిమాటికి లేచి, ఈ కాగితములను బీరువాలో పెట్టి ఆ కాగితములను తెచ్చుకొనవలసి వచ్చును. మా అమ్మాయి పాఠము ఆగుటకు కారణమిదే. బజారులో ఒక్కొక్క ర్యామ్ ముక్కను స్టిక్కు అని పిలిచెదరు. అది సుమారు 13 సెంటీమీటర్ల పొడవుగల సన్నని పలక గనుక నేను పలక అనియే అందును.

ఆ పలకపై నున్న నల్లని చిప్పులలో జరుగు వ్యవహారము విచిత్రమైనది. ఒక్క ట్రాన్సిస్టరుతోను, ఒక్క కెపాసిటరుతోను ఒక బిట్‌ను, అనగా ఒకటి గాని సున్న గాని, నిలుపవచ్చునని 1966లో అమెరికాలోని ఐబీఎం సంస్థలో పనిచేయుచుండిన రాబర్ట్ డెన్నార్డ్ కనుగొనెను. 1968లో ఆయనకు పేటెంటు లభించినది. 1970లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 1103 అను చిప్పులో 1,024 బిట్లు మాత్రమే ఉండెడివి. నేటి 8 గిగాబైట్ల పలకలో 6,870 కోట్లకు పైగా బిట్లు కలవు. సూత్రము మాత్రము నాటిదే. కెపాసిటరులో విద్యుదావేశము ఉన్నచో ఒకటి, లేనిచో సున్న.

అయితే ఈ కెపాసిటరులన్నియు చిల్లికుండలు. నింపినది నింపినట్లు నిలువదు, కారిపోవుచునే యుండును. డీడీఆర్4 రకపు పలకలో ప్రతి కుండను సాధారణమైన వేడిమియందు 64 మిల్లీసెకండ్ల లోపల, అనగా సెకండునకు పదునైదు సార్లకు పైగా, మరల నింపవలెను. అంతియే గాక, చదువుటకై ముట్టుకొన్నప్పుడు కూడ కుండ ఖాళీయగును. చదివిన వెంటనే తిరిగి పోయవలెను. పోయుటకును, చదువుటకును కొంత వ్యవధి కావలెను. ఆ వ్యవధి అన్ని పలకలకు ఒక్కటి కాదు. పలకలను కలుపుటలోని చిక్కులలో పెక్కు ఈ వ్యవధి యొద్దనే పుట్టుచున్నవి.

పలకపై అంటించిన చీటీలో 2400 అనియో 3200 అనియో ఒక అంకె ఉండును. 2400 అనగా ప్రతి దత్తాంశపు తీగపై సెకండునకు 240 కోట్ల బిట్లు నడచునని అర్థము. దుకాణములలో దీనిని మెగాహెర్ట్జ్ అని చెప్పుదురు. నిజమునకు గడియారపు టిక్కులు అందులో సగమే, ఒక్కొక్క టిక్కునకు రెండు మారులు దత్తాంశము కదలును. ఆ ప్రక్కనే సీఎల్ 17, సీఎల్ 22 అని మరియొక అంకె కాననగును. అడిగిన పిదప మొదటి మాట వచ్చుటకు ఎన్ని టిక్కులు వేచియుండవలెనో అది తెలుపును. లెక్క వేసి చూడుడు. 2400 పలకపై 17 టిక్కులనగా 14 నానోసెకండ్లకు కొంచెము పైన. 3200 పలకపై 22 టిక్కులనగా 14 నానోసెకండ్లకు కొంచెము తక్కువ. వేగపు అంకె ఎంతో పెరిగినది గాని, కుండయొద్ద నిలుచుండు కాలము ఇంచుమించు పూర్వమున్నంతయే ఉన్నది. పెద్ద అంకెను చూచి మురిసిపోవువారు ఈ సంగతిని గమనింపరు.

ఇక ఏ పలకలను కలుపరాదో మొదట చెప్పెదను. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అనునవి వేరువేరు తరములు. డీడీఆర్3 పలక ఒకటిన్నర వోల్టులతోను, డీడీఆర్4 పలక 1.2 వోల్టులతోను, డీడీఆర్5 పలక 1.1 వోల్టులతోను పనిచేయును. ఒక తరము పలక మరియొక తరము స్లాటులో దిగకుండుటకై అంచున నుండు గాడిని ఒక్కొక్క తరమునకు ఒక్కొక్క చోట కోసినారు. దిగనిచో బలవంతము చేయరాదు. అది మొండితనము కాదు, హెచ్చరిక. ల్యాప్‌టాప్ పలకలు పొట్టివి, అవి డెస్క్‌టాప్‌లో పట్టవు. సర్వర్లనుండి తీసి చౌకగా అమ్ము రిజిస్టర్డ్ పలకలు గాడికి సరిపోయినట్లు కనబడినను సామాన్యమైన ఇంటి కంప్యూటరులో పనిచేయవు.

ఒకే తరమునకు చెందిన పలకలైనచో తయారీదారు వేరైనను, పరిమాణము వేరైనను, వేగము వేరైనను కలుపవచ్చును. ప్రతి పలకపైనను ఒక చిన్న చిప్పులో ఆ పలక జాతకము వ్రాయబడి యుండును: పరిమాణమెంత, ఏ వేగమునకు ఎన్ని టిక్కులు కావలెను అను వివరములు అందులో నుండును. మీట నొక్కిన వెంటనే మదర్‌బోర్డు రెండు పలకల జాతకములను చదివి పొంతన చూచును. రెండింటికిని సమ్మతమైన వేగమును, రెండింటిలో ఏది ఎక్కువ వ్యవధి కోరునో ఆ వ్యవధిని ఎంచుకొనును. ముసలి ఎద్దు నడకయే బండి నడక.

పరిమాణము వేరైనప్పుడు జరుగు ఏర్పాటు వినదగినది. రెండు పలకలు రెండు వేరు మార్గములలో నున్నచో యంత్రము రెండింటినుండి ఒకేమారు చదువగలదు. 2400 పలకతో ఒక్క మార్గమున సెకండునకు 19.2 గిగాబైట్లు గరిష్ఠముగా వచ్చిన, రెండు మార్గములలో 38.4 వచ్చును. మరి 4 గిగాబైట్ల పలకకు 8 గిగాబైట్ల పలకను జోడించినచో? పెక్కు యంత్రములు పెద్ద పలకలో సగమును చిన్న పలకతో జతకట్టి ఆ 8 గిగాబైట్లను రెండు మార్గములందును, మిగిలిన 4 గిగాబైట్లను ఒక్క మార్గమునందును నడుపును. జత కుదరలేదని పెద్ద పలకను మానుకొని చిన్న పలకను కొనువారు కలరు. నా ఉద్దేశములో అది పొరపాటు. బల్ల చాలనివానికి మొదట కావలసినది బల్లయే, వేగము తరువాత.

మా తమ్ముని ఇంటికి 8 గిగాబైట్ల కొత్త పలక వచ్చినది. అమ్మాయియే దానిని అమర్చెను. పాతది 2400 వేగముది. కొత్తదానిపై 3200 అని మెరయు అక్షరములతో ముద్రించియుండెను. యంత్రము పొంతన చూచుకొని రెండింటిని 2400 వేగమున నడిపెను. పాఠములు నిలుకడగా సాగెను. అక్కడితో ఆగియుండిన నేను చెప్పవలసినది లేకపోవును.

ప్రక్క ఇంటి కుర్రవాడొకడు, కంప్యూటరు ఆటలలో ఆరితేరినవాడు, తెరపై 2400 అను అంకెను చూచి, “మూడువేల రెండువందలకి డబ్బిచ్చి ఇంత నెమ్మదిగా నడపటమేమిటండీ బాబాయిగారూ!” అనెను. ఇచ్చట ఒక మర్మము కలదు. జెడెక్ అను పరిశ్రమ సంఘము నిర్ణయించిన వేగములు పలక జాతకములో ఒక భాగము. తయారీదారు తన పూచీపై చేర్చిన ఎక్స్‌ఎంపీ అను అధిక వేగపు పుట వేరొక భాగము. ఆ పుటలో వోల్టేజి కూడ పెరిగి, సాధారణముగా 1.35 ఉండును. మా వారి కొత్త పలకపై 3200 అనునది ఈ రెండవ పుటలోనిదే. అది ఆ పలక ఒక్కదానికి చెప్పిన మాట. ప్రక్కన నున్న పాత పలకకు ఆ మాటతో సంబంధము లేదు. కాని మదర్‌బోర్డులో వేగము మార్చినచో రెండింటికిని మారును. కుర్రవాడు 3200 పెట్టి చూచెను. తెర వెలుగలేదు. యంత్రము రెండు మూడు మారులు తనలో తాను ప్రయత్నించి, వెనుకటి వేగమునకు మరలివచ్చెను. పిమ్మట 2933 పెట్టెను. తెర వెలిగెను. అందరును సంతోషించిరి.

తెర వెలుగకపోవుట యంత్రపు నిజాయితీ. నాకు భయము కలిగించునది వెలిగిన తెరయే. 2400కు మించి హామీయివ్వని పలక 2933 వద్ద నూరు కోట్ల పర్యాయములు సరిగా పలికి, ఒక్కమారు తప్పు పలుకవచ్చును. కుండలోని నీటిమట్టమును చూచుటకు చాలినంత వ్యవధి లేక, ఒకటిని సున్న అని చదువవచ్చును. ఆ ఒక్క బిట్ చిత్రములో పడినచో ఒక చుక్క రంగు మారును, ఎవరికిని తెలియదు. ప్రోగ్రాములో పడినచో నీలితెర వచ్చును. వ్రాతలో పడినచో ఏమగునో మన అక్షరములతోనే చెప్పవచ్చును. కంప్యూటరులో తెలుగు అక్షరములకు యూనికోడ్ సంకేతములు కలవు. క అను అక్షరపు సంకేతమునకు, గ అను అక్షరపు సంకేతమునకు భేదము ఒక్క బిట్ మాత్రమే. ఆ ఒక్కటి తారుమారైన కుడి గుడి యగును, కాలిబాట గాలిబాట యగును. అంకెలలోను అంతే. 5 అను అంకెకు సంకేతము 00110101. 1 అను అంకెకు 00110001. ఎడమ నుండి ఆరవ స్థానమున నున్న ఒకటి సున్నయైన చాలు.

మా తమ్ముడు తానుండు అపార్టుమెంటు సంఘమునకు కోశాధికారి. లెక్కలను పాతకాలపు పద్ధతిలో నోట్‌ప్యాడులో వరుసలుగా వ్రాసికొనును. నెలకొకసారి ముద్రించి మెట్లక్రింద గోడకు అంటించును. వేగము పెంచిన రెండవ నెలలో అంటించిన పట్టికలో, పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయిని పేరునకు ఎదురుగా 1000 చెల్లించినట్లును, 4000 బాకీ ఉన్నట్లును కనబడెను. ఆమె 5000 ఏకమొత్తముగా చెల్లించియుండిరి. ఒకరిద్దరు మెట్లయొద్ద చదివి ఆమెను అడిగినారట కూడ. ఆమె రసీదు చేతబట్టుకొని పైకి వచ్చి, “ముప్పై ఏళ్లు పిల్లల మార్కులు కూడాను నాయనా. అయిదుకీ ఒకటికీ తేడా నాకు తెలుసు” అనిరట. తమ్ముడు మొదట తాను తప్పు టైపు చేసితినని అనుకొనెను, క్షమాపణ చెప్పెను. తరువాత గత నెల ముద్రించిన కాగితమును తీసి చూడగా అదే వరుసలో 5000 అనియే ఉన్నది. మొత్తము మాత్రము అతడు ప్రతినెల మరల కూడుకొనును గనుక, బాకీ 4000 అని తానే వ్రాసినాడు. ఆ వరుసను మధ్యలో ఎవరును తాకలేదు.

అతడు నాకు ఫోను చేసినప్పుడు ప్రక్కనుండి అమ్మాయి, “ఈమధ్య రెండుసార్లు నీలితెర వచ్చింది పెదనాన్నగారూ. నేను జిప్ చేసి దాచిన ప్రాజెక్టు ఫైలు కూడా చెడిపోయిందని చెబుతోంది, తెరుచుకోవటం లేదు” అనెను. అప్పుడు నాకు అనుమానము తట్టెను. ఆ 5 చెడినది ర్యామ్ వలననే యని ప్రమాణము చేసి చెప్పుట ఎవరి వశము కాదు. నోట్‌ప్యాడు తన తప్పులకు సాక్ష్యము దాచదు. ర్యామ్ పలకలను మాత్రము సాక్ష్యమునకు పిలువవచ్చును.

మెమ్‌టెస్ట్86 అను పరీక్షా ప్రోగ్రాము 1994 నుండి ఉన్నది. దానిని పెన్‌డ్రైవులో ఎక్కించి, విండోస్‌తో నిమిత్తము లేకుండ యంత్రమును దానితోనే ప్రారంభింపవలెను. అది ర్యామ్‌లోని ప్రతి చోటను ఒక నమూనా వ్రాసి, తిరిగి చదివి, వ్రాసినదే చదివినదేమో సరిచూచును. నేను ఫోనులో చెప్పుచుండగా పని అంతయు అమ్మాయియే చేసెను. 2933 వేగమున పరీక్ష మొదలుపెట్టిన గంటలోపల తెరపై ఎర్రని వరుసలు పడినవి. తరువాత పాత పలకను మాత్రముంచి, దాని సొంత వేగమైన 2400 వద్ద పరీక్షించినది; తప్పులేదు. కొత్త పలకను మాత్రముంచినది, తప్పులేదు. రెండింటిని కలిపి 2400 వద్ద రాత్రి యంతయు వదలినది. తెల్లవారునప్పటికి నాలుగు ఆవృత్తులు పూర్తియై, తప్పుల సంఖ్య సున్న అని చూపెను. పలకలు రెండును మంచివే, చెడ్డది చెర్నాకోల.

తమ్ముడు పట్టికను సవరించి, కొత్త కాగితముతో ఆ ఉపాధ్యాయిని ఇంటికి వెళ్లెను. ఆమె కంప్యూటరు కథ అంతయు ఓపికగా విని, “ఆ కాగితం ఎక్కడ అంటించారో ఇది కూడా అక్కడే అంటించండి” అని మాత్రము అనిరట.

పలకను చేర్చదలచిన శ్రోతలకు నేను నాడు చెప్పక విడిచిన మాటలను నేడు చెప్పుచున్నాను. కొనుటకు ముందు పాత పలకపై చీటీని చదివి వ్రాసికొనుడు, లేదా ఫోటో తీసికొనుడు: తరము, పరిమాణము, వేగము, వోల్టేజి. విద్యుత్తు తీగను గోడనుండి ఊడదీసి, పవరు మీటను ఒకమారు నొక్కి, క్యాబినెట్టు లోహమును చేతితో తాకి, ఆపైన పలకను అంచులతో పట్టుకొనుడు. బంగారు రంగు అంచును వ్రేళ్లతో తాకరాదు. రెండు చివరలను సమముగా నొక్కినచో క్లిప్పు టక్కుమని పడును. పడనిచో పలక సగమే దిగినది. నాలుగు స్లాటులున్న బోర్డులలో రెండు పలకలకు సాధారణముగా ప్రాసెసరు వైపునుండి రెండవది, నాలుగవది తగిన చోట్లు. అయినను బోర్డు పుస్తకములో చెప్పినదే ప్రమాణము. యంత్రము లేవనిచో కంగారుపడక, ఒక్కొక్క పలకను విడిగా పెట్టి చూడుడు. లేచినచో ఆ రాత్రి పరీక్షకు వదలుడు. పరీక్ష ముగియువరకు ముఖ్యమైన లెక్కలను గాని, పెండ్లి ఫోటోలను గాని ఆ యంత్రమున సవరించి భద్రపరచవద్దు. పాడైన ర్యామ్ తాను చెడుటయే గాక, తన గుండ నడచి బీరువాకు పోవు కాగితమును చెరచి పంపును.

వేగము పెంచవలెనన్న కోరిక గట్టిగా ఉన్నవారు ఒకే పెట్టెలో జతగా అమ్ము పలకలను కొనుట మేలు. విడివిడిగా కొన్న రెండు పలకలపై పేరు ఒక్కటే యైనను, లోపలి చిప్పులు వేరుగా ఉండవచ్చును. ఒకే పేరుతో కాలక్రమమున చిప్పులు మార్చుట ఈ పరిశ్రమలో వాడుక. నాలుగు పలకలు పెట్టినచో తీగలపై భారము పెరిగి వేగము తగ్గించవలసి వచ్చుట కలదు. డీడీఆర్5 తరములో ఈ ఇబ్బంది మరింత హెచ్చు. ఆ తరము చిప్పులు తమలోని చిన్న తప్పులను తామే దిద్దుకొనును గాని, చిప్పునుండి ప్రాసెసరు వరకు నడచు దారిలో జరుగు తప్పులను ఆ ఏర్పాటు పట్టుకొనలేదు. దారిని కూడ కాపాడునది ఈసీసీ పలక. 64 బిట్లకు తోడు కాపలాకై మరికొన్ని బిట్లను అది మోయును. సర్వర్లలో దానినే వాడుదురు. ఇంటి కంప్యూటరులలో అరుదు. గూగుల్ సంస్థ కంప్యూటరులపై టొరంటో విశ్వవిద్యాలయ పరిశోధకురాలితో కలిసి చేసి, 2009లో ప్రకటించిన పరిశీలనలో, ఏడాదిలో నూటికి ఎనిమిదికి పైగా పలకలు ఒక్క తప్పైనను చేసినట్లు తేలినది. అవి ఈసీసీ పలకలు గనుక లెక్కకు వచ్చినవి. మన ఇంటి పలకల తప్పులను ఎవరును లెక్కించుట లేదు.

2025వ సంవత్సరము చివర ర్యామ్ ధరలు అమితముగా పెరిగినప్పటినుండి, సొరుగులలో పడియున్న పాత పలకలను వెదకి తీయువారు ఎక్కువైనారు. పాతవని పారవేయ నక్కరలేదు. మా అమ్మాయి ఇప్పుడు తనకు దొరికిన ప్రతి పలకకును వెనుక చిన్న కాగితపు చీటీ అంటించి, ఏ వేగమున, ఏ తేదీన పరీక్షించినదో పెన్సిలుతో వ్రాయుచున్నది. కాకినాడ యంత్రములో ఆ రెండు పలకలు 2400 వేగముననే కలిసి నడచుచున్నవి. తమ్ముడు లెక్కలకై ఒక నోటుపుస్తకము కూడ కొన్నాడు.